ఖాజాబీ నవ్వు

ఎనభై దాటేదాకా బతికి నేను నేర్చుకున్న నీతి ఒక్కటే. కెమెరా పట్టుకొని ఇంటికి వచ్చినవాళ్ళకు చాయ పోయకూడదు. పోసిన పాపానికి ఇవాళ నా పేరు ఒక యుద్ధం సినిమా మొదట్లో, ‘కృతజ్ఞతలు’ అన్న మాట కింద, గుర్రాలు కిరాయికిచ్చినవాళ్ళ పేర్లకు కాస్త పైన, తెల్లటి అక్షరాల్లో పడుతోంది. పీరమ్మ గారు, పటాన్‌చెరు. అక్షరదోషం లేకుండా వేశారు. అంత పొడుగు సినిమాలో తప్పు లేనిది అదొక్కటే.

వాళ్ళు ముగ్గురు వచ్చారు. గడ్డం పెంచుకున్న ఒక అబ్బాయి, కళ్ళద్దాల అమ్మాయి, కెమెరా మోసేవాడు. మా దిక్కు రజాకార్ల కాలం మీద, తరవాత మిలట్రీ వచ్చిన రోజుల మీద సినిమా తీస్తున్నామన్నారు. మీ జ్ఞాపకాలే మాకు చరిత్ర అని ఆ అబ్బాయి నా కాళ్ళకు మొక్కాడు. ఊరికే కాళ్ళకు మొక్కేవాణ్ణి నమ్మొద్దని మా అమ్మ చెప్పేది, ఆ మాట ఆ పూట మరిచిపోయాను. పొద్దంతా కూచోబెట్టి ఉన్నదంతా చెప్పాను. మా పక్కింటి ఖాజాబీ గురించి, ఆమె నవ్విన నవ్వు గురించి చెప్పినప్పుడు ఆ అమ్మాయి ముందుకు వంగి, ఎట్లా నవ్వింది అమ్మా, ఒక్కసారి చూపించరా అని బతిమాలింది. నేను నవ్వి చూపించాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, తొడ మీద చేత్తో కొట్టుకుంటూ, ఊపిరి అందక కూలబడ్డట్టుగా. వెలుతురు సరిపోలేదని మళ్ళీ నవ్వించారు. పోతూ పోతూ శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు మా ఇంట్లో ఇస్త్రీబల్ల మీద పరిచి ఉంది.

సినిమా రాగానే మా మనుమడు టికెట్లు తెచ్చి నన్ను మాల్‌లో కూచోబెట్టాడు. ఇది మీ ఊరి కథే అవ్వా అని వాడికి మహా సంబరం. మా ఊరు అన్నారు గానీ తెర నిండా కొబ్బరిచెట్లు. మా నేలలో జొన్న, కంది, తంగేడు, తుమ్మ ఉంటాయి. కొబ్బరికాయ కావాలంటే సంగారెడ్డి అంగడికి పోయి తెచ్చుకునేవాళ్ళం. ఊరిపెద్ద గోదావరి గట్టున పుట్టినట్టు మాట్లాడతాడు. ముసల్మాన్లు బొంబాయి హిందీ మాట్లాడతారు. మా గోడ అవతల నేను పుట్టినప్పటినుంచి విన్న దక్కనీ, సగం తెలుగు కలిసిన ఆ మాట, ఒక్క నోటి నుంచీ రాదు. వాళ్ళకు కంటి నిండా సుర్మా, ప్రతి సీనులోనూ చేతిలో ఒక మేకతొడ. ఆ రోజుల్లో మేకతొడ ఎవడి మొహాన కొట్టారు తల్లీ, జొన్నగట్క కడుపు నిండా దొరికితే అదే పండగ. మంచివాళ్ళకు మాత్రం తెల్లగా ఇస్త్రీ చేసిన ధోవతులు. ఇస్త్రీపెట్టె మొహం మా ఊరు చూసింది నా పెళ్ళయిన తరవాత.

ఇక యుద్ధం. ఫిరంగులట, విమానాలట, సైనికుల నెత్తిన పూలవానట, ఆఖర్న ఒక ఆఫీసరు దేశమంటే ఏమిటో హిందీలో ఉపన్యాసమట. మా ఊళ్ళో మిలట్రీ ఒక్క తూటా పేల్చలేదు. షోలాపూర్ సడకు మీద లారీలు వరసగా పోతుంటే దుమ్ము లేచింది, అది నాకు గుర్తుంది. ఒక జీపు ఆగింది. నీళ్ళు అన్నట్టు బొటనవేలు నోటికి చూపించారు. మా బాపు బిందె తెచ్చి వాళ్ళ దోసిళ్ళలో పోశాడు. తాగి, మూతులు తుడుచుకొని, జీపెక్కి పోయారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు ఇయ్యమన్నాడట ఇంకొకడు. ఈ సినిమా వాళ్ళు ఆ రెండోవాడి సంతానం. అట్లాగని రజాకార్లు చేసింది అబద్ధమని నేను అనడం లేదు. ఆ మాట ఎవడైనా అంటే వాడి నోరు నేనే మూయిస్తాను. మా ఇంట్లోంచే ఒక మనిషి పోయాడు. కానీ ఆ పోయిన మనిషి ఎవరో, ఏం చేసేవాడో వాళ్ళకు చెప్పిందీ నేనే, విని తలకిందులు చేసిందీ వాళ్ళే.

అక్కడిదాకా పళ్ళు కొరుక్కుంటూ కూచున్నాను. అప్పుడు పీరు వచ్చింది. మొహర్రంలో మా పల్లెల్లో ఊరంతా కలిసి లేపే పీరు అది. పొడుగాటి కర్రకు బిగించిన లోహపు హస్తం, దానికి మొక్కుకున్నవాళ్ళు కట్టిన రంగురంగుల గుడ్డపట్టీలు, వాటిని దట్టీలంటాం. సినిమాలో అదే పీరును గుర్రాల మీద కత్తులు తిప్పుతూ వచ్చేవాళ్ళు యుద్ధజెండాలాగా ముందు పట్టుకొని వస్తారు. దాని వెనకాలే ఊరు తగలబడుతుంది. నేల మీద శవమై పడి ఉన్న హిందువు నుదుట కుంకుమను చూసి ఒక ముసల్మాను ఆడమనిషి నవ్వుతుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, తొడ మీద చేత్తో కొట్టుకుంటూ, ఊపిరి అందక కూలబడి నవ్వుతుంది. హాలంతా దాన్ని బూతులు తిట్టింది. నా మనుమడూ తిట్టాడు. తరవాత దాన్ని హీరో నరికినప్పుడు ఈలలు వేశారు. నేను కర్ర వెతుక్కొని బయటికి వచ్చేశాను.

వారం తిరగకముందే షమీమ్ వచ్చింది. ఖాజాబీకి మునిమనుమరాలు. పాశమైలారంలో మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తుంది. ఎప్పుడు వచ్చినా చెప్పులు విడిచి సీదా వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు తీసి చూసే పిల్ల, ఆ రోజు గడప అవతలే నిలబడింది. భుజాన టిఫిన్ సంచీ అట్లాగే ఉంది. కంపెనీ బస్సులో పిలగాళ్ళు ఆ నవ్వును ఫోన్‌లో పెట్టుకున్నారట. తను బస్సు ఎక్కగానే వెనక సీట్లలోంచి అది మోగుతుందట. ఏడుపు లేదు, కోపం లేదు, నా మొహం కేసి చూసి ఒక్కటే అడిగింది.

“సినిమాల నీ పేరేసిన్రంట. మా పెద్దదాదీ గిట్ల నవ్విందని నువ్వే చెప్పినవా అవ్వా?”

నేను చెప్పాను. అవును, నవ్విందని చెప్పాను. ఎందుకు నవ్విందో కూడా చెప్పాను. వాళ్ళు నవ్వును కోసుకొని, ఎందుకో అన్నదాన్ని చెత్తబుట్టలో వేశారు. ఆ పిల్లకు గడప మీద చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నాలుగు తరాలుగా మా గోడకు గోడ ఆనుకొని బతికిన ఇంటి పిల్ల నన్ను నమ్మాలా వద్దా అని నిలబడి ఉంటే, నాకు ఇంతకన్నా పెద్ద యుద్ధం ఏముంటుంది.

ఖాజాబీ పెనిమిటి బాబుమియా ఊరందరి గిన్నెలకు కళాయి వేసేవాడు. మా ఇంటి వెనక పెరట్లో గుంత తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊదేవాడు. ఇత్తడి గిన్నె ఎర్రగా కాలాక నవాసాగరం చల్లితే తెల్లటి పొగ ముక్కుల్లోకి ఘాటుగా ఎక్కేది. ఆ పొగలోనే తగరం ముక్క రాసి, గుడ్డతో గిర్రున తుడిస్తే, గిన్నె లోపల వెన్నెల పోసినట్టు అయ్యేది. మా నాయనమ్మకు మడి పిచ్చి. పక్కింటివాళ్ళు ముట్టుకున్న చెంబు మీద కూడా నీళ్ళు చల్లి గానీ లోపలికి తెచ్చేది కాదు. కానీ బాబుమియా చేతిలోంచి వచ్చిన గిన్నెలు మాత్రం వేడి ఆరకముందే కొంగుతో పట్టుకొని దేవుని అర్ర పక్కన బోర్లించేది. నిప్పుల పడి లేచినదానికి ఎంగిలేందే అనేది. ఆమె మడి, ఆమె లెక్క. బాబుమియాకు అది తెలుసు, నవ్వుకునేవాడు. ఆ గిన్నెలతో పాటే ఆయన ఇంకొక పని చేసేవాడు. పీర్ల చావిడికి ఆయనే ముజావరు. ఏడాది పొడుగునా పెట్టెలో ఉండే పీరును మొహర్రం నెల చూశాక బయటికి తీసి, కడిగి, ఊదు వేసి, ఫాతెహా చదివి సింగారించేది ఆయనే. అది పరదా వెనక జరిగే పని. లోపల పీరును ఎట్లా సింగారిస్తారో మావాళ్ళెవరూ ఎన్నడూ చూడలేదు.

బయటికి వచ్చిన పీరును ఎత్తుకునేవాడు మాత్రం మా మల్లయ్య మామ, మా అమ్మకు సొంత తమ్ముడు. అమ్మ పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊరు కాబట్టి ఆయన రోజూ మా ఇంటికి వచ్చి, అక్క చేతి పచ్చిపులుసుతో రొట్టె తిని పోయేవాడు. మంచి పొడగరి. ఉపవాసం ఉండి, నడుముకు తువ్వాల బిగించి పీరును భుజాన పెట్టుకుంటే, నిప్పులగుండం చుట్టూ ఊరంతా ఆయన వెనకాల గంతులు వేసేది. నా పేరు కూడా ఆ పీరు పెట్టిందే. నాకు ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, ఈసారి బతికితే నీ పేరే పెడతాను, ఏటేటా దట్టీ కడతాను అని అమ్మ మొక్కుకున్నది. మా చుట్టుపక్కల నావంటి పీరమ్మలు, ఫకీరమ్మలు, హుసేనయ్యలు బోలెడంతమంది ఉన్నారు. ఈ సంగతి చెబితే గడ్డం అబ్బాయి ‘ఇంట్రెస్టింగ్’ అన్నాడు. ఇంట్రెస్టింగ్ అన్నప్పుడే నాకు అర్థం కావలసింది.

మల్లయ్య మామను రజాకార్లు చంపారు. లెవీ ధాన్యం బండి తోలనన్నాడని చేను గట్టు మీదనే చంపారు. వచ్చినవాళ్ళు పై ఊరివాళ్ళు, దారి చూపించినవాడు మాత్రం మా ఊరివాడే, ముసల్మానే. ఆ తరవాత మిలట్రీ వచ్చింది. మిలట్రీ దాటిపోయిన కొన్నాళ్ళకు ఒక మంద వచ్చి బాబుమియాను, ఆయన తమ్ముణ్ణి సడకు దిక్కు తీసుకుపోయారు. రజాకార్ల మీది కసి, ఎన్నడూ తుపాకీ ముట్టని కళాయివాడి మీద తీర్చుకున్నారు. ఆ మందలోనూ మా ఊరివాళ్ళు ఉన్నారు, మా కులంవాడే ఉన్నాడు. వాడు చచ్చేదాకా మా ఇంటి ముందు నుంచే పొలానికి పోయేవాడు, మా బాపు రామ్ రామ్ అంటే వాడూ రామ్ రామ్ అనేవాడు. బాబుమియా తిరిగి రాలేదు. సినిమాలో ఈ రెండో ముచ్చటే లేదు. జెండా ఎగరగానే సినిమా అయిపోతుంది, జనం పాప్‌కార్న్ డబ్బాలు సీట్ల కింద పడేసి ఇళ్ళకు పోతారు.

మాకు మాత్రం అయిపోలేదు. మనిషి లేని లోటు ఒకచోట కాదు, పదిచోట్ల తెలుస్తుంది. మా ఊరికి అది నాలుక మీద తెలిసింది. కళాయి వేసేవాడు లేక ఇంటింటి గిన్నెలకూ కళాయి ఊడి ఇత్తడి బయటపడింది. చారు పెడితే చిలుము కంపు, చల్ల పోస్తే పచ్చగా విరిగేది. కట్టు చారు నోట్లో పెట్టుకొని నాయనమ్మ మొహం చిట్లించేది గానీ ఎందుకిట్లా ఉన్నదని అడిగేది కాదు. బాపూ అడగలేదు. ఎవరైనా అడిగితే బాబుమియా పేరు ఎత్తాలి, పేరు ఎత్తితే ఆయన ఏమయ్యాడన్నది రావాలి. చింతపండు, బూడిద పెట్టి తోమి తోమి, చివరికి అమ్మ ఇత్తడి అంతా అటక మీద పడేసి మట్టికుండల్లో వండింది. మా ఊరు కొన్నేళ్ళు నోరు మూసుకొని చిలుము తిన్నది. దీని మీద తీయమను సినిమా.

ఖాజాబీ నెత్తి మీద కొంగు దించకుండా, చంటిపిల్లవాణ్ణి చంకనేసుకొని బొంతలు కుట్టి బతికింది. పాత చీరెలు ఇస్తే పొరలు పొరలుగా పరిచి, చిన్న చిన్న కుట్లు వేసి ఇచ్చేది. అమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. పాత చీరెలు నా చేత పంపేది, కుట్టిన బొంత నా చేతే తెప్పించేది. నేను ఆమెను చిన్నమ్మా అనేదాన్ని, అందుకు ఇంట్లో ఎవరూ వద్దనలేదు. పీరు మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది. కడిగేవాడు లేడు, ఎత్తేవాడు లేడు. మొహర్రం వచ్చేది, పోయేది, చావిడి తాళం తాళంగానే ఉండేది.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున ఖాజాబీ మా పెరటి వాకిట్లోకి వచ్చి నిలబడింది. అమ్మ విసుర్రాయి ముందు కూచొని జొన్నలు విసురుతోంది, నేను ఎదుట కూచొని గుప్పెడు గుప్పెడు గింజలు పోస్తున్నాను. బండి మాట్లాడుకున్నానని, సంగారెడ్డిలో అక్క దగ్గరికి పోతున్నానని ఖాజాబీ చెప్పింది. పీరు పెట్టెను కూడా తీసుకుపోయి అక్కడ దర్గాలో అప్పజెబుతుందట. మొక్కు నీ పేరు మీద ఉన్నది గనక చెప్పి పోదామని వచ్చాను అన్నది. అమ్మ తల ఎత్తలేదు, రాయి ఆపలేదు.

“పో. మా మల్లిగాణ్ణి మట్టిల గలిపినోళ్ళు మీవోళ్ళేనాయె. ఇగ నాకు పీరెందుకు, మొక్కెందుకు.”

ఖాజాబీ చంకలో పిల్లవాణ్ణి అటునుంచి ఇటు మార్చుకుంది. తరవాత అన్న మాటలు నేను ఈనాటికీ ఒక్క అక్షరం పోకుండా చెప్పగలను.

“మా మియాను గుంజుకపోయినోళ్ళు మీవోళ్ళేనాయె అక్కా. నేను నిన్ను ఒక్కనాడన్న అడిగిన్నా? అది మల్లన్న ఎత్తుకునే పీరు. మా మియా గడిగే పీరు. ఇద్దరు లేకపాయె. అది గా పెట్టెల ఒక్కతే పడున్నది. మీరు లేపుతె ఉంట, లేకుంటె తీస్కపోత.”

రాయి ఆగింది. అమ్మ పిండి చేతులు ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు గోడ కేసి చూసింది. ఖాజాబీ వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అమ్మ అన్నం తినలేదు. పొద్దుగూకేముందు బాపు పొలం నుంచి రాగానే, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళయినా ఇవ్వకుండా, ఈయేడు పీరును మీరు లేపాలె అన్నది. బాపు అదిరిపడ్డాడు. ఆయన పొద్దున అంబలి ఆలస్యమైతేనే ఎద్దుల మీద విసుక్కునే మనిషి. పీరు ఎత్తేవాడు ఉపవాసం ఉండాలి. నావల్ల యాడైతదే అన్నాడు. మా తమ్మునితోని అయ్యేది గద అని అమ్మ లోపలికి పోయింది. బాపు తానే నీళ్ళు ముంచుకొని కాళ్ళు కడుక్కున్నాడు. బండి కట్టడం నెల కనపడేదాకా ఆపమని ఖాజాబీకి కబురు పోయింది.

ఇక్కడే మావాళ్ళు మావాళ్ళనిపించుకున్నారు. చావిడి లోపలికి ఆడవాళ్ళు పోయే ఆచారం లేదు, ఖాజాబీ గడప బయటే నిలబడి కడిగి సింగారించండి అన్నది. సింగారించడం అంటే వీళ్ళకు ఏం తెలుసు? వీళ్ళు పుట్టి బుద్ధెరిగి సింగారించింది పోచమ్మను, మైసమ్మను. బాపూ, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళూ తలుపు మూసుకొని లోపల చాలాసేపు ఉన్నారు. చింతపండు పెట్టి తోమారు, మంచిదే. తరవాత నిండా పసుపు పూశారు. అయిదు వేళ్ళకూ కుంకుమ బొట్లు పెట్టారు. వేపమండలు కట్టారు, నిమ్మకాయల దండ వేశారు. ఫాతెహా చదివేవాడు లేడు గదా, ఏదో ఒకటి అనకపోతే బాగుండదని, తలుపు తీస్తూనే ఒక ముసలాయన గొంతెత్తి గోవిందా అన్నాడు. బయట ఉన్న సగంమంది అలవాటు కొద్దీ గోవింద కొట్టారు. బాపు ఆకలితో మొహం పీక్కుపోయి, పచ్చటి పీరును భుజాన పెట్టుకొని గడప దాటాడు.

అందరి కళ్ళూ ఖాజాబీ మీదికి పోయాయి. అప్పుడు తెలిసింది వాళ్ళకు, ఏం చేశామో. గోవింద కొట్టినవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. బాపు అడుగు తీసి అడుగు వేయలేక నిలబడిపోయాడు. ఇట్లాంటి కాలంలో, ఇట్లాంటి ఊళ్ళో, పెనిమిటిని పోగొట్టుకున్న మనిషి ముందు ఆమె పీరుకు బొట్టు పెట్టి తెచ్చారు. ఆమె ఒక్క మాట అని పెట్టె ఎత్తుకొని పోతే ఆపే మొహం ఎవరికీ లేదు. నేను అమ్మ కొంగు పట్టుకొని ఉన్నాను. ఖాజాబీ పీరును కింది నుంచి పైదాకా చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. తొడ మీద చేత్తో ఒకటి కొట్టుకుంది, ఇంకొకటి కొట్టుకుంది, ఊపిరి అందక దుమ్ములోనే కూలబడింది. నవ్వుతోంది.

“ఓ అక్కా, మా పీరును పెండ్లిపిల్లను జేసిన్రు గదనే. మా మియా సూస్తె గిన్నెలన్ని ఇసిరికొడ్తుండె.”

ఆ మాట అని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. బాబుమియా పేరు ఊళ్ళో అందరి ముందు పైకి అన్నది అదే మొదటిసారి. అమ్మ వెళ్ళి ఆమె పక్కన దుమ్ములో కూచుంది. నవ్వు అంటుకుంది అమ్మకూ. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకొని, చూసేవాళ్ళకు నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా కూచున్నారు. ఎవరో నీళ్ళు తెచ్చి కుంకుమ కడగబోతే, ఉండనియ్యిన్రి, గిట్లనే పోతది అని ఖాజాబీయే ఆపింది. అమ్మ లేచి ఇంటికి పోయి పెట్టె అడుగున మడిచిపెట్టిన ఆకుపచ్చ దట్టీ తెచ్చింది. తమ్ముడు పోయిన ఏడు కుట్టి, కట్టకుండా దాచినది. పీరుకు కట్టి, వాడు గూడ ఈడనే ఉన్నడు పోన్రి అన్నది. గుండం చుట్టూ ఆ సాయంత్రం బాపు ఎత్తిన పీరు మల్లయ్య మామ ఎత్తినంత ఎత్తుకు లేవలేదు. అయినా లేచింది. ఖాజాబీ బండి సంగారెడ్డికి పోలేదు.

మా పీరుకు ఈనాటికీ కుంకుమ బొట్లు ఉంటాయి. ఖాజాబీ కొడుకు పెద్దవాడై ముజావరు అయ్యాక ఫాతెహా ఆయన చదివాడు, బొట్టు మావాళ్ళు పెట్టారు. ఇప్పుడు మా పొలాలన్నీ షెడ్లు, గోదాములు. బావిలో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూడటానికి కూడా ఎవరూ వంగరు. నవాసాగరం పొగ ఎవరిదో, దేనికో తెలిసేది. ఇప్పుడు గాలిలో వచ్చే ఘాటు ఏ కంపెనీదో ఎవరూ చెప్పరు. అన్నీ పోయాయని ఏడ్చే రకం కాదు నేను. మడి, దొరల కాళ్ళు మొక్కడం, ఆడపిల్లకు బడి వద్దనడం పోయినందుకు సంతోషమే. కానీ అప్పటి జనం అబద్ధమాడితే సిగ్గుతో, నోరు మూసుకొని ఆడారు. ఇప్పటివాళ్ళు గుర్రాలు పెట్టి, బాజాలు పెట్టి, కింద నా పేరు వేసి ఆడుతున్నారు.

అంతా విన్నాక షమీమ్ గడప దాటింది. చెప్పులు విడవకుండానే దాటి, మంచం అంచున కూచుంది. ఇదంతా నాకు తెలుసు అన్నది. పెద్దదాదీ బతికున్నన్నాళ్ళూ ఈ కథ చెప్పి నవ్వించేదట. నువ్వు మారినవేమోనని భయపడ్డ అవ్వా, గంతే అన్నది. తరవాత కాసేపు గోళ్ళు చూసుకుంటూ, నాకు తెలిసి ఏం లాభం, బస్సులోళ్ళకు తెలవదు గదా అన్నది. ఆ మాట తరవాత ఏం అడగాలో ఆమెకు తెలియలేదు, నాకు తెలిసింది. బస్సు ఎన్నింటికి అని అడిగాను.

మనుమడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నీ మోకాళ్ళేంది, కంపెనీ బస్సేంది అన్నాడు. నీ ఈలలు నేను విన్నాను, ఇక నోరు మూసుకొని నన్ను స్టాపు దాకా దింపు అన్నాను. బస్సు డ్రైవరు బిహారు వాడు. ఇది కంపెనీ బండి మాతాజీ అన్నాడు. మాలూమ్ హై బేటా అని మెట్టు ఎక్కాను. నా వెనక షమీమ్ ఎక్కింది. ఎక్కీ ఎక్కకముందే వెనక సీట్లలోంచి ఆ నవ్వు మోగింది. ఎవరిదా ఫోన్ అని అడిగాను. అందరూ ఒక పిలగాడి దిక్కు చూశారు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దిక్కు పిలగాడట. మొన్న మొన్ననే మీసాలు వచ్చినట్టున్నాయి. మళ్ళీ పెట్టు బిడ్డా అన్నాను. సిగ్గుపడ్డాడు. పెట్టు అని కర్ర నేలకు తాటించాను. పెట్టాడు. ఆ నవ్వు నాదిరా, సినిమావాళ్ళకు నేను నవ్వి చూపించినదే అని చెప్పి, బస్సు నడిమధ్యలో, షమీమ్ నన్ను నడుము దగ్గర పట్టుకొని ఉండగా, అదే నవ్వు మళ్ళీ నవ్వాను. కొంగు, తొడ, ఊపిరి, అన్నీ. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

అప్పుడు ముందు సీట్లో కూచొని ఖాజాబీ ఎందుకు నవ్విందో చెప్పాను. లారీల మధ్య బస్సు ఆగి ఆగి పోయింది గనక కథకు టైము సరిపోయింది. ఇద్దరు చెవుల్లో వైర్లు పెట్టుకొని నిద్రపోయారు. ఒకామె మధ్యలో మా ఊళ్ళెగూడ పీరుకు కుంకుమ పెడతరు అన్నది. ఆ పిలగాడు వెనక నుంచి ఒక్కొక్క సీటే ముందుకు జరుగుతూ వచ్చి, పాశమైలారం కమాను దగ్గరికి వచ్చేసరికి నా పక్కన కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు. మొహం చిన్నబోయి ఉంది.

“మరి సినిమాల గట్లెందుకు సూపెట్టిన్రవ్వా?” అని అడిగాడు.

“ఉన్నదున్నట్టు తీస్తె నువ్వు ఈల గొడ్తుంటివా బిడ్డా?” అన్నాను.

బస్సు ఆగితే తలుపు దగ్గర పక్కకు జరిగి షమీమ్‌ను ముందు దిగనిచ్చాడు. ఫోన్‌లోంచి ఆ నవ్వు తీసేశాడో లేదో నాకు తెలియదు. దాని తరవాత బస్సులో అది మోగలేదని మాత్రం షమీమ్ చెప్పింది, మా వంటింట్లో నిలబడి గిన్నె మూత తీస్తూ.